అబ్బా ఖర్జ్, ఉల్టా అంకెలు

మా గల్లీ చివర కుట్టు మిషన్ పెట్టుకున్న దర్జీ చాచా చేతిలో 321 రూపాయలు పెట్టి ఇంటికొచ్చాను. అబ్బా ఇంతెఖాల్ అయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. చాచా ఆ నోట్లు లెక్కపెట్టలేదు. రూపాయి బిళ్ళని నోట్ల మధ్యన మడిచి జేబులో వేసుకుని, "అల్లా మర్హూమ్‌కి మగ్ఫిరత్ అతా కరే" అన్నారు. ఒక బరువు దిగిందనుకుని వచ్చేశాను. మూడు వారాల తర్వాత తెలిసింది, ఆయనకి ఇవ్వాల్సింది 1230 అని.

ఆ లెక్క ఎలా తప్పిందో చెప్తాను. ఇందులో కంప్యూటర్ గొడవ కొంచెం ఎక్కువే ఉంటుంది, సబర్ చేయండి. మీ ఇళ్లలో కూడా అబ్బా రాసిపెట్టిన ఫైలో, నానా పాత సీడీయో, అటక మీద దుమ్ముపట్టిన సీపీయూయో ఉండే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

అబ్బా కాతిబ్. పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లి ఛత్తా బజార్‌లో శాదీ రుఖాలు రాసేవారు, తర్వాత ఒక ఉర్దూ అఖ్బార్‌లో కితాబత్ చేశారు. బటర్ పేపర్ మీద నల్ల సిరాతో ఒక్కో లైన్ రాస్తుంటే, పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. నస్తాలీఖ్ రాతలో అక్షరం కొలత నుక్తాతో ఉంటుంది. అలిఫ్ ఇన్ని నుక్తాల ఎత్తు, బే ఇన్ని నుక్తాల వెడల్పు, అలా. ఖలమ్ మొన తప్పుగా చెక్కితే ఆ రోజంతా పని పాడయ్యేది. మాట కుడివైపు పైన మొదలై ఎడమకి జారుతూ కిందికి దిగుతుంది. ఆ జారుడే నస్తాలీఖ్ అందం. కంప్యూటర్‌కి ముసీబత్ కూడా అదే.

ఆ ముసీబత్‌ని మొదట దాటించింది పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్. ఒక్కో అక్షరాన్ని కాకుండా, కలిసిపోయిన అక్షరాల గుచ్ఛాలని, దాదాపు 20 వేల వాటిని, చేత్తో రాసి మోనోటైప్ వాళ్ల మిషన్‌లోకి ఎక్కించారు. దాని పేరు నూరీ నస్తాలీఖ్. 1981లో జంగ్ అఖ్బార్ ఆ అక్షరాలతో రావడం మొదలైంది. తర్వాత 1994లో ఢిల్లీ వాళ్లు తయారుచేసిన ఇన్‌పేజ్ వచ్చింది. మామూలు కంప్యూటర్‌లో నస్తాలీఖ్ కొట్టొచ్చు అన్న మాట నిజమైంది. కాతిబ్‌ల రోజీ కూడా దాంతోనే పోయింది.

అబ్బా ఏడవలేదు, తిట్టలేదు. యాభై దాటాక, రెండు వేళ్లతో, ఇన్‌పేజ్ నేర్చుకున్నారు. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొని ఇంట్లో పెట్టారు. "ఖత్ నాది కాదు, మాట నాదే కదా" అనేవారు. రిటైరయ్యాక పాలమూరు ఇంట్లో ఫజర్ తర్వాత రోజూ గంట కూర్చుని ఏదో కొట్టేవారు. తన యాద్‌దాష్త్ అని చెప్పేవారు. ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఏ పని చేసేవాళ్లు, ఏ బావి నీళ్లు తీపి, మా ఖాందాన్ షజరా ఎక్కడిదాకా తెలుసు, అన్నీ.

అబ్బా పోయాక అమ్మీ అడిగిన మొదటి మాట షజరా గురించి కాదు. "ఖర్జ్ కా హిసాబ్ కంప్యూటర్‌మే హై బోలే థే బేటా. నికాల్‌కో దేఖో."

తర్కా పంచుకునే ముందు ఖర్జ్ తీర్చాలి, మనందరికీ తెలిసిందే. అబ్బా వదిలి వెళ్లిన తర్కా అంటే రెండు గదుల ఇల్లు, నాలుగు ఖలమ్‌లు, ఒక సైకిల్. పంచుకునేదేం లేదు. కానీ అమ్మీకి రాత్రి నిద్ర పట్టడం లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆ ఫైల్లో ఉంది. ఫైలేమో కంప్యూటర్లో ఉంది. కంప్యూటర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగి ఆగిపోతోంది.

ఇక్కడ మొదటి సలహా. పాత కంప్యూటర్ చచ్చిపోయిందని కబాడీ వాడికి వేసేయకండి. చాలాసార్లు చచ్చేది మదర్‌బోర్డో పవర్ సప్లైయో. లోపల హార్డ్ డిస్క్ బతికే ఉంటుంది. దాన్ని విప్పి తీసి, యుఎస్‌బి కేసులో గానీ కేబుల్‌కి గానీ తగిలించి, మీ ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్‌లా పెట్టుకోవచ్చు. కొన్ని వందల రూపాయల పని. బాగా పాతవాటికి ఐడిఈ, తర్వాత వాటికి సాటా అని రెండు రకాల మూతులుంటాయి, డిస్క్‌ని దుకాణానికి పట్టుకెళ్లి చూపించి కొనండి. తెరుచుకోగానే చేయాల్సిన మొదటి పని మొత్తం కాపీ చేసుకోవడం. చూడటం తర్వాత. ముసలి డిస్క్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం.

మా ఆపా కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడే డిస్క్ విప్పాడు. ఫోల్డర్లో పదకొండు ఫైళ్లున్నాయి. ఒకదాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఖర్జ్. డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని దేనితో తెరవమంటారు అని ల్యాప్‌టాప్ మమ్మల్నే అడిగింది. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చుక్కలు, గీతలు, చీమలు.

ఎందుకంటే పాత ఇన్‌పేజ్‌కి తనదైన లెక్క ఉంది. అలిఫ్‌కి ఒక నంబరు, బేకి ఒక నంబరు, అది దానికే తెలుసు. ఈ రోజు మన ఫోన్లలో, వెబ్‌లో నడిచేది యూనికోడ్. ప్రపంచంలో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ అందరూ ఒప్పుకున్న ఒక్క నంబరు. తర్వాతి ఇన్‌పేజ్‌లలో యూనికోడ్ వచ్చింది, కానీ అబ్బాది పాతది.

తెలుగు వాళ్లు దీనికి నవ్వకండి, మన కథా ఇదే. నేను ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, తెలుగు పత్రికలో డెస్క్ మీద చేరాను. అక్కడ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్. తెర మీద 'అమ్మ' అని కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి రాత. మొదటి ఐదారేళ్లు నేను రాసిన వ్యాసాలు ఒక సీడీలో ఉన్నాయి, ఈ రోజుకీ సగం చదవలేను. అబ్బా ఇన్‌పేజ్‌లో, నేను అనులో. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు జబాన్లలో ఒకే తప్పు చేశాం.

భాంజా ఆన్‌లైన్‌లో ఒక కన్వర్టర్ వెతికి, ఫైల్ దాంట్లో వేశాడు. క్షణంలో ఉర్దూ అక్షరాలు బయటికొచ్చాయి. వాడికి ఉర్దూ చదవడం రాదు. తెలుగు, ఇంగ్లీషు వచ్చు. ఫోన్‌లో తర్జుమా చేసుకుని, ఏడు పేర్లు, ఏడు అంకెలు తెలుగులో రాసి నాకు వాట్సాప్ చేశాడు. నేను హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాను. "శభాష్ బేటా" అని పెట్టాను. అసలు ఉర్దూ పాఠం పంపించమని అడగలేదు. గలతీ వాడిది కాదు. మిషన్ తెలిసిన వాడికి జబాన్ రాదు, జబాన్ తెలిసిన అమ్మీకి మిషన్ రాదు, రెండూ కాస్త కాస్త తెలిసిన నాకు తీరిక లేదు.

ఆ వారం ఊరికెళ్లి మొదట దర్జీ చాచాకి 321 ఇచ్చాను. 321 అనేది అప్పు లెక్కలా లేదని అప్పుడే అనిపించాలి నాకు. కుట్టుకూలీ బాకీ అయి ఉంటుందిలే అనుకున్నాను. వాడు పంపిన లిస్టులో 0321 అని ముందు సున్నా కూడా ఉంది. ఆ సున్నా నా కళ్లముందే ఉంది. తొమ్మిది వందల రూపాయలకి పైన దాచిపెట్టిన సున్నా అది.

రెండోది కిరాణా సేటు. లిస్టులో 5712. మనసులో కొంచెం చివుక్కుమంది. అబ్బా అంత ఉద్దార్ పెట్టారా, మాకు చెప్పకుండా? నేను నెలనెలా పంపింది చాలలేదా? డబ్బు కవర్లో పెట్టుకుని వెళ్లాను. సేటు నమస్తే పెట్టి, కుర్చీ వేసి, కవర్ చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మీ నాయిన నాకేం బాకీ లేకుండె సార్. ఉన్నా ఇప్పుడు తీస్కుంటనా?"

నేను పట్టుబట్టాను. మా దీన్‌లో ఇది తప్పనిసరి, మీరు మాఫ్ చేసినా సరే, ముందు లెక్క చెప్పండి అన్నాను. 5712 అని అంకె కూడా చెప్పాను. ఆయన మొహం మారింది.

"అయిదు వేల ఏడొందలా? కాతిబ్ సాబ్ నా దుకాన్ల ఎన్నడు అంత పెట్టలె సార్."

పుస్తకం తీశాడు. ఎర్ర అట్ట, తెలుగు రాత. వేలు పెట్టి చూపించాడు. 2175. పక్కన అబ్బా ఉర్దూ సంతకం, తలవంచుకున్న ఆ చిన్న నస్తాలీఖ్.

నా ఫోన్‌లో 5712. ఆయన పుస్తకంలో 2175. ఎంతసేపు చూశానో తెలియదు. అద్దంలో చూసినట్టు రెండూ ఒకటే. ముందు అబ్బా మీద వచ్చిన చిన్న అనుమానానికి సిగ్గేసింది. ఆ వెంటనే దర్జీ చాచా గుర్తొచ్చాడు.

ఎందుకలా అయిందో ఇప్పుడు చెప్తాను, ఉర్దూ చదవని మన పిల్లలకి ఇది తెలియాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకి రాస్తాం. కానీ అంకెలు మాత్రం తెలుగులో లాగే ఎడమ నుంచి కుడికి. 2175లో రెండు వేలు ఎడమ చివర్నే ఉంటుంది, ఉర్దూ అంకెల్లో రాసినా సరే. అంటే ఒకే వాక్యంలో మాట ఒకవైపు, అంకె ఇంకోవైపు నడుస్తాయి. యూనికోడ్‌లో ఈ లెక్కంతా తెర చూసుకుంటుంది. పాత ఫైల్ నుంచి మార్చేటప్పుడు కన్వర్టర్ అంకెల్ని కూడా మాటల్లాగే వరస పెట్టిందంటే అవి తిరగబడతాయి. చాలా కన్వర్టర్లలో అంకెలు తిప్పాలా వద్దా అని ఒక గడి ఉంటుంది. మావాడు వాడిన దాంట్లో కూడా ఉందట, టిక్ పెట్టలేదు. వాడికి దాని అవసరం ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి మొత్తం పాఠం తెప్పించుకుని నేనే చదివాను. ప్రతి అప్పు పక్కనా అబ్బా సంవత్సరం వేశారు. 8102. 7102. ఒక్క చూపులో తెలిసిపోయేది, అది 2018, ఇది 2017 అని. భాంజా తేదీలు అక్కర్లేదనుకుని వదిలేశాడు. మీరెప్పుడైనా పాత ఉర్దూ ఫైల్ మార్పిస్తే ముందు సంవత్సరాలు చూడండి. సంవత్సరం సరిగ్గా ఉంటే మిగతా అంకెల మీద కొంత భరోసా పెట్టుకోవచ్చు. కొంతే.

భరోసా చాలక, మర్నాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఛత్తా బజార్ వెళ్లాను. శాదీ కార్డుల దుకాణాల మధ్య ఒక చిన్న డీటీపీ షాపులో ఇంకా పాత ఇన్‌పేజ్ నడుస్తోంది. కుర్రాడు ఫైల్ తెరిచాడు. కన్వర్టర్ అక్షరాలు కాదు, అబ్బా చూసినవే, అబ్బా వదిలినట్టే. దర్జీ, 1230. ఆ షాపులోనే నిలబడి కళ్లు తుడుచుకున్నాను. కుర్రాడు ప్రింట్లు కూడా తీసి, "ఇరవై రూపాయలు సార్" అన్నాడు.

దర్జీ చాచా దగ్గరికి 909 పట్టుకుని వెళ్లాను. ఏం చెప్పాలో తోచక కంప్యూటర్ తప్పని మొదలుపెట్టాను, అంకెలు ఉల్టా అయ్యాయని. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. మా ఆపా కొడుక్కి అఖీఖా అయినప్పుడు అబ్బా చేబదులు తీసుకున్నారట, తర్వాత కొంత తీర్చారట, మిగిలింది పన్నెండొందల చిల్లర అని ఆయనకీ గుర్తుంది. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు చాచా అని అడిగాను.

"క్యా బోల్నా బేటా. మౌత్ అయిన ఇల్లు. ఇంతే సర్దగలిగారేమో అనుకున్నా."

మూడు వారాలు ఆ మనిషి మా ఇంటి గురించి అలా అనుకుంటూ మాకు సలాం చెప్పారు. ఇప్పటికీ ఆ గల్లీలో నడిచేటప్పుడు నా అడుగు ఆ దుకాణం దగ్గర తడబడుతుంది.

ఆ తర్వాత నేను అబ్బా మిగతా పది ఫైళ్ల పని పెట్టుకున్నాను. ఇన్‌పేజ్ ప్రింటు ఒక పక్క, మార్చిన పాఠం ఒక పక్క, లైన్ లైన్ పోల్చి చూడటం. రంజాన్‌లో తరావీహ్ తర్వాత అదే పని. అంకెలు కాక ఇంకో చిక్కు దొరికింది. అరబీ కాఫ్, ఉర్దూ కాఫ్ చూడ్డానికి ఒకటే, యూనికోడ్ నంబర్లు వేరు. అరబీ యే, ఉర్దూ యే అంతే. చిన్న హే కూడా అంతే. కొన్ని చోట్ల కన్వర్టర్ అరబీ వాటిని పెట్టింది. కంటికి తేడా తెలియదు. కానీ 'కుర్నూల్' అని వెతికితే దొరకదు, అక్షరం అక్కడే ఉన్నా సరే. ఒక్కో రకాన్ని 'ఫైండ్ అండ్ రీప్లేస్'తో మార్చుకుంటే పోతుంది.

మన జబాన్లకి కంప్యూటర్లో ఇలాంటివి మామూలే. గుర్తుందా, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. అది వట్టి జ్ఞా కూడా కాదు, దాని లోపల కంటికి కనపడని గుర్తు ఒకటి కలిసినప్పుడు. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. ఆ వారమంతా మా డెస్క్‌లో జ్ఞానం ప్రమాదకరం అని ఒకటే జోకులు.

అబ్బా యాద్‌దాష్త్‌ని ఖాందాన్ పిల్లలు చదవాలంటే ఏం చేయాలి? గ్రూపులో పిడిఎఫ్ పెడితే, మాషా అల్లా అని ఇరవై మంది వేలిముద్ర వేసి మర్చిపోతారు. ఫోటోలు తీసి పెడితే ఇంకా దండగ. మన వాట్సాప్‌లో తిరిగే ఉర్దూ అంతా బొమ్మలే. బొమ్మని వెతకలేం, పెద్దది చేస్తే మసకబారుతుంది, తర్జుమాకి అందదు, ఫోను చదివి వినిపించదు. పరీక్ష చాలా సులువు. మాట మీద వేలు నొక్కిపెట్టండి. మాట ఒక్కటే నీలంగా మెరిసి, కాపీ అయి, ఇంకో చోట అదే మాటగా అతుక్కుంటే అది అక్షరం. లేకపోతే అది అక్షరం ఫోటో.

అందుకని చిన్న వెబ్ పేజీ కట్టాను. వెబ్ డెవలప్‌మెంట్ అనే పెద్ద మాట దీనికి అక్కర్లేదు. నాకొచ్చింది ఆఫీసులో వెబ్‌సైట్ డెస్క్ వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న హెచ్‌టిఎమ్‌ఎల్ ఒక్కటే. ఉర్దూ పేరాకి రెండు మాటలు చెప్పాలి. భాష ఉర్దూ అని 'లాంగ్'లో, దిశ కుడి నుంచి అని 'డిఐఆర్'లో. దిశని చాలామంది మర్చిపోయి, అక్షరాల్ని కుడివైపుకి జరిపి ఊరుకుంటారు. అప్పుడు వాక్యం కుడివైపే కనిపిస్తుంది గానీ చివరి చుక్క వెళ్లి తప్పు చివర్న కూర్చుంటుంది. ఫోన్ నంబర్ల సంగతి ఇంకా అన్యాయం. ఉర్దూ వాక్యం మధ్య నంబరుని ఐదు అంకెలు, ఖాళీ, ఐదు అంకెలు అని రాస్తే వెనక ఐదూ ముందుకొచ్చేస్తాయి. ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి కదా, ప్రతి అంకెనీ 'బిడిఐ' అనే ట్యాగులో విడిగా కూర్చోబెట్టాను. మీకు ట్యాగులు వద్దనుకుంటే నంబర్లో ఖాళీ వదలకండి, సగం బాధ తప్పుతుంది.

ఫాంట్‌కి గూగుల్ వాళ్ల నోటో నస్తాలీఖ్ ఉర్దూ తీసుకున్నాను. జమీల్ నూరీ నస్తాలీఖ్ కంటికి అబ్బా రాతకి దగ్గరగా ఉంటుంది, కానీ వేల గుచ్ఛాలు మోసే ఫాంట్ కాబట్టి ఫైలు బరువు. పల్లెలో సిగ్నల్ సరిగ్గా లేని ఫోనులో పేజీ తెరుచుకునే లోపల చాయ్ తాగేసి రావచ్చు. లైన్ల మధ్య ఎడం మాత్రం ధారాళంగా ఇవ్వండి. తెలుగుకి ఒత్తుల కోసం ఒకటిన్నర పైన ఇస్తాం కదా, నస్తాలీఖ్‌కి రెండు దాటాలి, లేకపోతే పై లైన్ దిగుడు కింది లైన్ నుక్తాల మీద పడుతుంది. అక్షరాల మధ్య ఎడం మాత్రం అస్సలు పెట్టొద్దు. చేతులు పట్టుకున్న అక్షరాల్ని విడదీసినట్టవుతుంది.

ఉర్దూ కింద అదే మాట తెలుగు లిపిలో. తర్జుమా కాదు, అబ్బా మాటే తెలుగు అక్షరాల్లో. మా ఇళ్లలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. వాళ్లకి లిపి అడ్డం గానీ జబాన్ అడ్డం కాదు. ఇక్కడ నాకు కష్టమనిపించింది నుక్తా. ఉర్దూలో ఖుదాకీ జుదాకీ తేడా ఒక్క చుక్క, పైనుందా కిందుందా అని. తెలుగులో జ ఒకటే, జమీన్‌కీ అదే, జన్నత్‌కీ అదే. మన దక్కన్‌లో ఖాఫ్‌ని కూడా ఖే లాగే పలుకుతాం కాబట్టి ఖలమ్, ఖత్ రెండింటికీ ఒకే ఖ. అబ్బా వింటే ముఖం చిట్లించేవారు. 2021లో యూనికోడ్ 14లో తెలుగుకీ నుక్తా చేర్చారు, అక్షరం కింద పెట్టుకునే చుక్క. ఎంత సంబరపడ్డానో. పేజీలో పెట్టి ఆపాకి పంపితే ఆమె ఫోనులో చుక్క బదులు ఖాళీ పెట్టెలు కనిపించాయి. యూనికోడ్‌లో చేరినంత మాత్రాన ప్రతి ఫోను ఫాంట్‌లోనూ చేరినట్టు కాదు. తీసేశాను. ప్రస్తుతానికి మా పిల్లలు జమీన్‌ని వాళ్ల నోటి అలవాటుతోనే సరిగ్గా చదువుతున్నారు.

అమ్మీకి చూపు తగ్గింది. ఆమెకి ఫోను చదివి వినిపిస్తుంది, అక్షరాలే కాబట్టి. గూగుల్ గొంతు ఉర్దూలో పాలమూరు బావుల పేర్లు చదువుతుంటే మొదటి రోజు నవ్వింది. "ఏ కౌన్ హై, అంగ్రేజ్ కే వైసా పఢ్‌రై" అంది. తర్వాత అలవాటైంది. కొన్ని చోట్ల ఆపి, అలా కాదు, ఆ సంగతి ఇలా జరిగింది అని దిద్దుతుంది. ఆ దిద్దుబాట్లని ఆమె గొంతుతోనే ఫోన్‌లో టైపు చేయిస్తున్నాను. మైక్ గుర్తు నొక్కి మాట్లాడితే ఉర్దూ రాసుకుంటుంది, 2017 నుంచే గూగుల్‌లో ఉర్దూకీ తెలుగుకీ ఆ సౌకర్యం ఉంది. దక్కనీకి తడబడుతుంది, 'నక్కో'ని ఏమేమో చేస్తుంది. అయినా సగం మెహనత్ తప్పింది. అంకెలు చెప్పినప్పుడు మాత్రం నేను పక్కనే కూర్చుంటాను.

ఖర్జ్ ఫైల్ వెబ్ పేజీలో పెట్టలేదు. అది ఏడుగురి పరువు కూడా. దాని ప్రింటు అమ్మీ ట్రంకులో, కాపీ ఆపా దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. నా సొంత హిసాబ్ ఇప్పుడు ఫోన్‌లో మామూలు నోట్‌గా ఉంది, తెలుగులో, ఏ యాప్ చచ్చిపోయినా తెరుచుకునేలా. అంకె పక్కన అక్షరాల్లో కూడా రాస్తాను, పాత దస్తావేజుల్లో రాసినట్టు, రెండు వేల నూట డెబ్బై అయిదు అని. అక్షరాల్లో రాసింది ఉల్టా అయినా తెలిసిపోతుంది. నెలకోసారి కాగితం మీద దింపి బీబీకి ఇస్తాను. ఫోన్ లాక్ కూడా ఆమెకి చెప్పాను. దానికి మాత్రం నాకు కొంచెం హిమ్మత్ కావాల్సొచ్చింది.

ఏడుగురిలో ఆరుగురికి చేరింది. సేటు చివరికి 2175 తీసుకుని, నూట డెబ్బై అయిదుకి అమ్మీకి బెల్లం, పల్లీలు కట్టించి పంపాడు. ఏడోది ఇన్‌పేజ్‌లో చూసినా, కన్వర్టర్‌లో చూసినా ఒకటే మాట: 'సైకిల్‌వాలే, 140, 2017'. పేరు లేదు. ఆ ఏడాది మా వైపు నాలుగు సైకిల్ దుకాణాలుండేవి. రెండిటి వాళ్లు మాది కాదన్నారు. మూడోది మూతపడింది, కొడుకు బెంగళూరులో ఉన్నాడని నంబరు ఇచ్చారు, ఇంకా ఎత్తలేదు. నాలుగో ఆయన వినికిడి తగ్గిపోయి మంచం మీద ఉన్నారు. వచ్చే జుమా రోజు అబ్బా సైకిల్‌నే తోలుకుని వెళ్లి ఆయనకి చూపిద్దామని ఉంది, బండిని చూస్తే గుర్తుపడతారేమోనని.